94 శాతం సరే, సోమవారం పొద్దున ఎవరి తలుపు తట్టాలి?

ప్రశ్న: ఆరేళ్ళుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటా సైంటిస్టుగా చేస్తున్నాను. ఎవరికి ఏ ప్రకటన చూపిస్తే నొక్కుతారో ముందే చెప్పడం నా పని. విసుగొచ్చి, సెలవు రోజుల్లో ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి విద్యాశాఖకు ఒక మోడల్ (పాత వివరాలు చూసి ముందు జరిగేది అంచనా కట్టే ప్రోగ్రాం) చేసిపెట్టాను. 40,000 మంది పిల్లల వివరాలు ఇచ్చారు. వాళ్ళలో ఏటా నూటికి ఆరుగురు చదువు మధ్యలోనే మానేస్తున్నారు. ఎవరు మానేస్తారో నా మోడల్ 94 శాతం ఆక్యురసీతో ముందే చెబుతుంది. ఎంతో ఉత్సాహంగా తీసుకెళ్ళి అధికారికి చూపించాను. ఆవిడ అంతా ఓపిగ్గా విని, "బాగుందమ్మా, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలైంది, ఫైలు కదల్లేదు. ప్రభుత్వాలకు డేటా అంటే పట్టదా? నేనే ఏమైనా తప్పు చేశానా? ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకే రావాలనుంది. ఏం నేర్చుకోమంటారు? (పేరు వెయ్యవద్దు.)

సమాధానం: ముందు ఆ 94 సంగతి తేల్చేద్దాం. కాస్త చేదుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

నూటికి ఆరుగురు మానేస్తారని మీరే రాశారు. అంటే 94 మంది మానరు. నేనిప్పుడు ఓ కాగితం మీద "ఎవరూ బడి మానరు" అని ఒక్క ముక్క రాస్తాను. ఇదే నా మోడల్. కోడూ లేదు, సర్వరూ లేదు. దీని ఆక్యురసీ, అంటే నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చెబుతుందన్నది, ఎంత? సరిగ్గా 94 శాతం. మానేసే 2,400 మందిలో ఒక్కరిని కూడా పట్టుకోకుండానే మీ మోడల్‌కు సమానంగా నిలబడింది.

మీ మోడల్ పనికిరాదని నేననడం లేదు, చాలా బాగా పనిచేస్తూ ఉండొచ్చు కూడా. కానీ ఆ అంకె చూసి అది బాగుందో లేదో చెప్పలేం. ప్రకటనల పనిలో మీరు ఈ పొరపాటు చేసి ఉండరు. నూటికి ఒక్కరు కూడా నొక్కని చోట "ఎవరూ నొక్కరు" అనే మోడల్‌ను ఎవరూ ఖాతరు చెయ్యరు. అక్కడ తెలిసిన విషయం ఇక్కడ ఎందుకు తట్టలేదంటే, అక్కడ నిర్ణయం ముందే కుదిరి ఉంది. స్కోరు, అంటే ఎంత అవకాశముందో మోడల్ ఇచ్చే అంకె, రాగానే ప్రకటన దానంతటదే కనపడుతుంది. ఇక్కడ స్కోరు వచ్చాక ఓ మనిషి లేచి, చెప్పులు వేసుకుని, ఎవరింటికో వెళ్ళాలి. ఎవరు ఆ మనిషి? వెళ్ళి ఏం చెయ్యాలి? ఆ అధికారి అడిగింది ఇదే. డేటా అంటే పట్టనివాళ్ళు నిజంగా ఉన్నారు, వాళ్ళు "చాలా బాగుంది" అని ఫొటో దిగి పంపించేస్తారు. ఈవిడ అలా చెయ్యలేదు.

కాబట్టి మళ్ళీ వెళ్ళండి. మోడల్ మాటెత్తకుండా ఒక్కటే అడగండి: "ఒక టర్ములో మీ వాళ్ళు ఎన్ని ఇళ్ళకు వెళ్ళి మాట్లాడగలరు?" 800 అన్నారనుకుందాం. ఇక మీకు కావాల్సిన లెక్క పూర్తిగా మారిపోతుంది. పోయిన ఏటి డేటా తీసుకుని, స్కోరు ప్రకారం పైనుంచి 800 మందిని ఏరండి. వాళ్ళలో నిజంగా మానేసినవాళ్ళు ఎందరో చూడండి. కళ్ళు మూసుకుని 800 మందిని ఏరినా 48 మంది దొరుకుతారు, నూటికి ఆరు చొప్పున. మీ జాబితాలో 400 మంది ఉన్నారంటే అది ఎవరికైనా అర్థమయ్యే మాట: "మీవాళ్ళు తట్టే ప్రతి రెండు తలుపుల్లో ఒకటి సరైన తలుపు." అదే ఊపులో రెండో మాట కూడా దాచకుండా చెప్పాలి. మొత్తం 2,400 మందిలో ఈ జాబితా అందుకునేది ఆరో వంతునే.

ఇంకో జాబితా కూడా చెయ్యండి. ఇది మోడల్ చేసినవాళ్ళెవరూ ఇష్టపడని పని. గత మూడు నెలల్లో ఎక్కువ రోజులు బడికి రానివాళ్ళను వరసగా పేర్చి, పైనుంచి 800 మందిని తీయండి, అంతే. ఏ గుమాస్తా అయినా అరగంటలో చేసిస్తాడు. దాంట్లో 370 మంది దొరికారనుకోండి, మీ మోడల్ ఘనత 30 మంది పిల్లలు. 30 మంది తక్కువేం కాదు. కానీ దానికోసం ఒక సర్వరు, దాన్ని చూసుకునే మనిషి, ఏటా కొత్త డేటాతో మోడల్‌కు మళ్ళీ శిక్షణ, ఇవన్నీ అవసరమా అని ఆ శాఖ తేల్చుకోవాలి. తేల్చుకునే వీలు వాళ్ళకు మీరివ్వాలి.

మీరు చేసిన పనే మీకంటే ముందు, చాలా పెద్ద ఎత్తున చేసినవాళ్ళున్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం బడి మానేసే ప్రమాదమున్న పిల్లల్ని ముందే గుర్తించే వ్యవస్థను పదేళ్ళకు పైగా నడిపింది. 2023లో కొందరు పరిశోధకులు దాన్ని వెనక్కి తిరిగి తరచి చూశారు. ఎవరికి ప్రమాదం ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న వరస బాగానే చెబుతోందని తేలింది. దానివల్ల చదువు పూర్తిచేసినవాళ్ళు పెరిగారనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. అదే ఏడాది ఒక పత్రికా పరిశోధనలో, సకాలంలో పూర్తిచెయ్యరని యంత్రం చెప్పిన పిల్లల్లో ముప్పాతిక మంది దాకా సకాలంలోనే పూర్తిచేశారని బయటపడింది. నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లల విషయంలో ఈ తప్పుడు హెచ్చరికల గంటలు మరీ ఎక్కువ మోగాయి.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఆ పరిశోధకులు చెప్పిన ఇంకో సంగతి. పిల్లవాడి సొంత వివరాలు పక్కనపెట్టి, వాడు ఏ బడిలో, ఎలాంటి ప్రాంతంలో చదువుతున్నాడో చూసినా దాదాపు అంతే బాగా చెప్పవచ్చట. అంటే ఒక్కో పిల్లవాడికీ ఒక్కో స్కోరు ఇవ్వడం పెద్ద ఆర్భాటమే. ప్రమాదం చాలావరకు బడిలోనే ఉంది. మీ డేటా మీదా ఇది చేసి చూడండి, ఒక్క సాయంత్రం పని. పిల్లల కాలమ్స్ అన్నీ తీసేసి, బడికి సంబంధించినవి మాత్రమే ఉంచి మళ్ళీ నడపండి. ఫలితం పెద్దగా తగ్గకపోతే మీరు అధికారికి ఇవ్వాల్సింది 800 పేర్లు కాదు, ఓ పాతిక బళ్ళ పేర్లు. అక్కడ టీచర్లు చాలడం లేదా, దూరం ఎక్కువా, పై తరగతులే లేవా? అది వేరే సంభాషణ, వేరే బడ్జెట్టు. పిల్లల మీద ముద్ర వెయ్యాల్సిన అవసరం అసలు ఉండదు.

ఇక డేటా సంగతి. మీ ఉత్తరంలో ఎక్కడా ఒక్క బడికి వెళ్ళినట్టు లేదు. ఐదు బళ్ళకు వెళ్ళండి. ఒక్కోచోట ఒక పూట హాజరు పట్టీ రాసేవాళ్ళ పక్కన కూర్చోండి. ఎప్పుడు రాస్తారు, పొద్దునా, వారం చివర్లో గుర్తుకొచ్చినంతా? ఆలస్యంగా వచ్చిన పిల్లను ఎలా గుర్తుపెడతారు? సాయం అందాలంటే ఇంత హాజరు ఉండాలన్న నిబంధన ఎక్కడైనా ఉంటే, ఆ గీతకు కాస్త పైన ఎంతమంది గుంపుగా చేరారో చూడండి. ఆ టీచరు మోసగాడని కాదు, రెండు రోజుల కోసం ఒక పిల్ల సాయం పోగొట్టుకోకూడదని హాజరు వేశాడేమో. మీ మోడల్‌కు మాత్రం ఆ దయ కనపడదు. హాజరు బాగుంది, ప్రమాదం లేదు అనేసి ఊరుకుంటుంది.

నేనూ ఇందులో దెబ్బతిన్నవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట ఒక ఆరోగ్య శాఖ కోసం జ్వరాల లెక్కలు చూస్తుండగా, ఒక కేంద్రంలో నాలుగు నెలల పాటు ఒక్క కేసూ లేదు. చుట్టుపక్కలంతా జ్వరాలతో మూలుగుతుంటే ఇక్కడ సున్నా. ఆదర్శ కేంద్రమని నివేదికలో రాసేశాం, పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. తీరా వెళ్ళి చూస్తే ఎంట్రీ చేసే అమ్మాయి ప్రసూతి సెలవులో ఉంది. ఖాళీ గడులన్నిటినీ సాఫ్ట్‌వేర్ సున్నాలుగా మార్చేసింది. వరండాలో జనం బారులు తీరి ఉన్నారు. అప్పటినుంచి సున్నా కనపడితే ముందు అది సున్నానా, ఖాళీనా అని అడుగుతాను.

మీ ఫైల్లో దీనికి తిరగేసిన జబ్బు ఉండొచ్చు. చివరి పరీక్ష మార్కుల కాలమ్ మోడల్‌లో పెట్టారా? అప్పటికే మానేసిన పిల్లకు అది ఖాళీగా ఉంటుంది. "ఖాళీ ఉంటే మానేస్తుంది" అని మోడల్ నేర్చేసుకుంటుంది. అది భవిష్యత్తు చెప్పడం కాదు, జరిగిపోయింది చదివి వినిపించడం. ప్రతి కాలమ్ పక్కనా ఆ సమాచారం ఏ తేదీకి చేతికొస్తుందో రాసుకోండి. మీరు నిర్ణయం తీసుకునే రోజు తర్వాత వచ్చేవన్నీ కొట్టెయ్యండి. ఫలితం ఒక్కసారిగా పడిపోతే బెంగపెట్టుకోకండి, అదే దాని అసలు ముఖం.

దేన్ని కొలుస్తున్నామన్నది ఇంకా మెలికైన వ్యవహారం. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. అమెరికాలో ఆసుపత్రులు విరివిగా వాడే ఒక స్కోరు ఉండేది, ఏ రోగులకు అదనపు శ్రద్ధ కావాలో చెప్పేందుకు. "జబ్బు తీవ్రత" అనే కాలమ్ ఎక్కడా దొరకదు కదా, అందుకని ముందు ముందు వైద్యానికి ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టి, అదే జబ్బు అనుకున్నారు. కానీ అంతే జబ్బున్న నల్లజాతి రోగుల మీద మొదటినుంచీ ఖర్చు తక్కువే అవుతోంది, ఎందుకంటే వైద్యం అందడమే వాళ్ళకు తక్కువ. ఫలితంగా యంత్రం వాళ్ళను ఆరోగ్యవంతుల్లో కలిపేసింది. ఆ తేడా సరిచేస్తే అదనపు సాయానికి అర్హులయ్యేవాళ్ళలో నల్లజాతివారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది. మోడల్ గణితంలో తప్పేమీ లేదు, అడిగిన ప్రశ్నే తప్పు. మీ ఫైల్లో "మానేసింది" అంటే ఏమిటి? వేరే బడికి మారిన పిల్ల, కుటుంబంతో వలసపోయి ఇంకోచోట చదువుకుంటున్న పిల్ల, పట్టీలో పేరుండి ఏడాదిగా కనపడని పిల్ల, వీళ్ళు ఏ గడిలో ఉన్నారు? ఇది తెలుసుకోకుండా చేసే లెక్కలన్నీ కాకిలెక్కలే.

ఊహించడం ఒకటి, మార్చడం ఇంకొకటి. కొన్ని సమస్యలకు ఊహ ఒక్కటే చాలు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో నీళ్ళలో సీసం కలిసిన గొడవ వినే ఉంటారు. ఏ ఇంటి కింద సీసపు గొట్టం ఉందో ఎవరికీ సరిగ్గా తెలీదు. రికార్డులేమో అట్టముక్కల మీద ఎప్పుడో చేత్తో రాసినవి. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంటి వయసు, స్థలం, పాత రికార్డులు అన్నీ కలిపి ఎక్కడ తవ్వాలో చెప్పే మోడల్ చేశారు. 2017లో తవ్విన పది ఇళ్ళలో ఏడింట మార్చాల్సిన గొట్టమే దొరికింది. మరుసటి ఏడు పని చేతులు మారి మోడల్‌ను పక్కనపెట్టాక అది 15 శాతానికి పడిపోయింది. పక్కింట్లో తవ్వి మా ఇల్లు వదిలేస్తారా అన్న జనం నిలదీత కూడా ఆ మార్పు వెనక ఉంది. అది న్యాయమైన నిలదీతే, స్కోరు చూపించి నోరు మూయించలేం. ఏమైనా, సీసపు గొట్టం దొరికితే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు: తీసెయ్యాలి. అందుకే అక్కడ ఊహ చాలింది.

బడి మానేసే పిల్ల దొరికితే ఏం చెయ్యాలో అలా తెలీదు. బడి దూరమైన కొద్దీ మానేసేవాళ్ళు ఎక్కువని మీ మోడల్ చెప్పిందనుకోండి. సైకిలిస్తే ఆగుతారా? ఏమో. దూరంగా ఉన్న ఇళ్ళే పేద ఇళ్ళు కూడా అయితే, సైకిలెక్కి పనికి పోతారు తప్ప బడికి కాదు. ఇది మోడల్ లోపల ఎంత తవ్వినా దొరకదు, చేసి చూడాలి. మెక్సికో 1997లో ప్రోగ్రెసా అనే పథకం మొదలుపెట్టినప్పుడు ఇదే చేసింది. పిల్లల్ని బడికి పంపి, ఆరోగ్య పరీక్షలు చేయిస్తే తల్లుల చేతికి డబ్బు. అందరికీ ఒకేసారి ఇచ్చే స్తోమత ఎలాగూ లేదు. అందుకని పరిశీలనకు తీసుకున్న 506 గ్రామాల్లో చీటీ వేసినట్టు 320 గ్రామాలను ఎంచి ముందు అక్కడ మొదలుపెట్టారు, మిగతా 186 తర్వాతి విడతలో. ఎవరికీ ఎగ్గొట్టలేదు, వరస మాత్రమే లాటరీ. రెండు గుంపులనూ పోల్చి చూస్తే సెకండరీ చదువుల్లో చేరేవాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, పెరిగారని తేటగా కనపడింది. 2000లో అధికార పార్టీ మారినా పథకం పోలేదు, పేరు మాత్రం మారింది. కొత్త ప్రభుత్వం పాతవాళ్ళ పథకాన్ని ఉంచుకోవడం ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు.

మీరూ చిన్నగా ఇలా చెయ్యొచ్చు. పైనుంచి 1,600 మందిని తీసి, అందులోంచి లాటరీలో 800 మందిని మొదటి టర్ములో కలవమనండి, మిగతావాళ్ళను రెండో టర్ములో. దీనికి ఇంకో కారణం కూడా ఉంది, చాలామందికి ఆలస్యంగా తడుతుంది. మీ జాబితా చూసి వెళ్ళి మాట్లాడారు, పాప ఆగింది. మీ లెక్కల్లో ఆ పాప ఏమవుతుంది? "మానేస్తుందని చెప్పాం, మానలేదు", అంటే తప్పు. పని ఎంత బాగా జరిగితే మోడల్ అంత చెడ్డదిగా కనపడుతుంది. పక్కన పోల్చుకునే గుంపు లేకపోతే ఈ చిక్కుముడి ఎప్పటికీ విప్పలేరు.

ఆ స్కోరు ఎవరి కంటపడుతుందో కూడా ఆలోచించారా? ప్రకటన తప్పుగా చూపిస్తే పోయేదేం లేదు. తొమ్మిదో తరగతి పిల్లతో "నువ్వెలాగూ మానేస్తావని కంప్యూటర్ చెప్పింది" అని ఏ మాస్టారో అన్నాడంటే అయిపోయింది. బడికి వెళ్ళాల్సింది అంకె కాదు, పేరూ చెయ్యాల్సిన పనీ మాత్రమే: "ఈ ఇంటికి వెళ్ళి కుశలం అడగండి." స్కోరును దండనకు, కోతకు వాడతామంటే మాత్రం మొహమాటం లేకుండా తప్పుకోండి. ఆస్ట్రేలియాలో రోబోడెట్ పేరుతో జరిగింది చూడండి. అందులో గొప్ప ఏఐ ఏమీ లేదు, ఒక భాగహారం. ప్రభుత్వమిచ్చే భృతి లెక్కేమో రెండు వారాలకోసారి, పన్ను శాఖ దగ్గరున్నదేమో ఏడాది ఆదాయం. దాన్ని 26తో భాగించి, ప్రతి రెండు వారాలకూ ఇంత సంపాదించావన్నారు. ఒకామె ఏడాదిలో సగం కాలం రెండు వారాలకు 2,000 చొప్పున సంపాదించి, మిగతా సగం పనిలేక భృతి తీసుకుందనుకోండి. భాగహారం ప్రకారం ఆమెకు ఏడాది పొడుగునా రెండు వారాలకు 1,000 వచ్చింది. కాబట్టి భృతి దొంగిలించింది! కాదని నిరూపించుకునే భారం కూడా ఆమె మీదే. లక్షలమందికి ఇలా బాకీ నోటీసులు వెళ్ళాయి. 2020లో ప్రభుత్వం డబ్బు వెనక్కి ఇస్తామంది. 2023లో రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) నివేదిక ఆ పథకాన్ని తూర్పారబట్టింది. ఆ భాగహారం తప్పని స్కూలు పిల్లకు కూడా తెలుస్తుంది. ఆపే మనిషి లేకపోయాడు.

ఉద్యోగం మానెయ్యాలా అన్నారు. ఇప్పుడే వద్దు. ఈ ఒక్క పనినీ చివరిదాకా లాక్కెళ్ళండి, ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో సమావేశాలు వాయిదాపడటం, అధికారి బదిలీ అయిపోవడం, మళ్ళీ మొదటినుంచి చెప్పుకురావడం అన్నీ జరుగుతాయి. అప్పటికీ ఇష్టం మిగిలితే మానేద్దురుగాని. కొత్త అల్గారిథమ్‌లు నేర్చుకోనక్కర్లేదు, ఉన్నవే ఎక్కువ. కార్యకారణ సంబంధాలు తేల్చే పద్ధతులు, సర్వే నమూనాలు ఎలా తీస్తారన్నది, వ్యక్తిగత వివరాల గోప్యత, ఈ మూడూ చదవండి. నాలుగోది బడ్జెట్టు పత్రం చదవడం. ఎవరూ నేర్పరు, అన్నీ అందులోనే ఉంటాయి. తోడు కావాలంటే, 2011లో మొదలైన డేటాకైండ్ అనే సంస్థ, 2013లో షికాగో విశ్వవిద్యాలయంలో రాయిద్ ఘనీ మొదలుపెట్టిన డేటా సైన్స్ ఫర్ సోషల్ గుడ్ కార్యక్రమం మీలాంటి వాళ్ళ కోసం పుట్టినవే.

ఈసారి ఆ అధికారి దగ్గరికి వెళ్ళేటప్పుడు లాప్‌టాప్ తీసుకెళ్ళకండి. ఒక్క కాగితం చాలు. పైన మీ మోడల్ ఏరిన 800 మందిలో ఎందరు నిజంగా మానేశారో, దాని కింద హాజరు పట్టీ ఒక్కటే చూసి ఏరితే ఎందరో, దాని కింద బడుల వివరాలే వాడితే ఎలా వచ్చిందో. మూడు వరసలు. ఆ కింద, సోమవారం పొద్దున ఎవరు ఎక్కడికి వెళ్ళాలో ఒక వాక్యం. ఆ వాక్యం రాయలేకపోతే అపాయింట్‌మెంట్ ఒక వారం వెనక్కి జరపండి, ఈలోగా ఆ ఐదు బళ్ళూ చూసి రండి.